మూడు చుక్కల ఇనుము

వింకా పరిగెడుతోంది.

చేతుల్లో పదకొండు కిలోల ఇనుము. గుండెకు అదిమిపెట్టుకుంది. తుప్పు చొక్కాకి అంటుకుంటోంది. వదలడం లేదు.

సాయంత్రం ఐదున్నర. నవంబరు నెల. అప్పుడే రేవు మీద చీకటి పడిపోయింది.

జూగో వీస్తోంది. దక్షిణం నుంచి వచ్చే ఆ తడిగాలికి మూడు రోజులుగా దీవిలో ఎవరి బుర్రా సరిగ్గా లేదు. కుక్కలు మొరగడం మానేశాయి. మొగుడూ పెళ్లాలూ మాటలు మానేశారు. జూగో వీచే రోజు బేరం చేయకూడదు. మాట ఇవ్వకూడదు. సంతకం పెట్టకూడదు. తాతల నాటి నుంచీ అదే నియమం.

వెనక బూట్ల చప్పుడు...

ఒక్కడే. తొందర లేదు. రేవు చివర సముద్రం తప్ప మరేమీ లేదని వాడికి తెలుసు.

"వింకా! ఆగవే పిల్లా! రాళ్లు జారుడుగా ఉన్నాయ్, పడి పళ్లూడగొట్టుకుంటావ్!"

గర్గో గొంతు. నలభై ఏళ్లుగా దీవిలో ఏ ఇంజిన్ మొరాయించినా వినబడే గొంతు. చిన్నా పెద్దా అందరికీ బార్బా గర్గో. బార్బా అంటే బాబాయిలాంటివాడు.

బాబాయిలాంటివాడి భుజాన అడవిపందుల తుపాకీ ఉంది!

వింకా ఆగలేదు. రేవు చివర ఆమె బోటు అలలకి తల ఎగరేస్తోంది.

పేరు 'బొనాత్సా'. గాలిలేని నిమ్మళమైన సముద్రాన్ని ఆ ఊళ్లో అలా అంటారు. ఎనిమిదిన్నర మీటర్ల క్యాబిన్ క్రూయిజర్, లోపల పడక ఉన్న మోటారు బోటు. 2003లో తయారైంది. మూడేళ్ల కిందట పదిహేడు వేల ఐదొందల యూరోలకి కొంది. అది అసలు ధర కాదని మొదటి ఏడాదే తెలిసింది. ఇంజిన్ వెనక రబ్బరు తొడుగు రెండొందల పది. నీళ్ల పంపు మూడొందల నలభై. బ్యాటరీలు రెండు, రెండొందల ఎనభై. ఏటా గట్టెక్కించి అడుగు గీకి రంగేయిస్తే తొమ్మిదొందలు. పాత బోటంటే ఏనుగే. కొనడం ఒక్కరోజు. మేపడం రోజూ.

వేసవిలో టూరిస్టులని తిప్పి ఆ ఏనుగుని మేపుతోంది. మిగతా నెలల్లో ఇంటి వెనక షెడ్డులో పాత బోటు సామాను కొంటుంది, అమ్ముతుంది. ఏ వస్తువు ఎంతకొచ్చింది, ఎంతకు పోయింది, అన్నీ నోటికి వచ్చు.

ఇప్పుడు చేతుల్లో ఉన్నదాని లెక్క కూడా.

ఇంజిన్ పొగనీ, వేడెక్కిన ఉప్పునీళ్లనీ కలిపి బయటికి తోసే వంపు గొట్టం, ఎల్బో అది. సెప్టెంబరులో ఆమె అన్న నిక్షా పడవలో ఉంది. లోపల తుప్పు తిని బిస్కట్టులా విరిగిపోయింది. ఉప్పునీళ్లు ఇంజిన్లోకి వెళ్లాయి. కొండకొమ్ము దగ్గర ఇంజిన్ ఆగిపోయింది. అలలు పడవని తీసుకెళ్లి రాళ్లకేసి కొట్టాయి. నిక్షా రెండు రోజుల తర్వాత దొరికాడు.

నిన్న పడవని క్రేన్‌తో పైకి తీశారు.

ఎల్బోకి పైన కొత్త తెల్లరంగు. కింద, రంగు పొర అడుగున... మూడు చుక్కలు!

ఆమె షెడ్డు నుంచి బయటికెళ్లే ప్రతి వస్తువు మీదా ఆమె మేకుతో కొట్టే గుర్తు అది. ఎవడూ వేరేవాడి చెత్త తెచ్చి 'నీ దగ్గరే కొన్నాను' అనకుండా. మార్చిలో ఆ ఎల్బోని తుక్కు కింద గర్గోకి అమ్మింది. ముప్పై యూరోలు. గర్గో దానికి రంగేసి నిక్షా పడవకి బిగించాడు. నిక్షా కాగితాల డబ్బాలో బిల్లు దొరికింది. 'కొత్త ఎల్బో, ఆరొందల నలభై.'

తేడా ఆరొందల పది.

ఆ తేడాలో ఆమె అన్న మునిగిపోయాడు.

పొద్దున్న నాలుగు బోల్టులు విప్పి ఎల్బో ఇంటికి తెచ్చుకుంది. అవతలి ఒడ్డున షిబెనిక్ రేవు పోలీసులకి ఫోన్ చేసింది. ఫెర్రీ ఆగిపోయింది, గాలి కాస్త తగ్గగానే గస్తీ బోటు పంపుతాం, ఆ ముక్క జాగ్రత్త అన్నారు. ఈలోగా క్రేన్ వాడు కాఫీ దగ్గర నోరు జారాడు. ఆ దీవిలో రహస్యం ఒక కాఫీ కంటే ఎక్కువసేపు బతకదు.

ఐదింటికి గర్గో షెడ్డు తలుపు తట్టాడు. వింకా వెనక కిటికీలోంచి దూకింది.

ఇప్పుడు బోటులోకి దూకింది!

ఎల్బోని క్యాబిన్‌లో పరుపు మీదకి విసిరింది. పైకొచ్చి ఇంజిన్‌కి తాళంచెవి పెట్టింది. చెయ్యి తాళం తిప్పలేదు. పక్కనున్న స్విచ్ మీదకి వెళ్లింది.

ఫ్యాన్.

ముందు ఫ్యాన్. ఐదు నిమిషాలు. ఆ తర్వాతే తాళం.

దీవిలో మిగతా బోట్లన్నీ డీజిల్. డీజిల్ వాడు ఎక్కుతాడు, తాళం తిప్పుతాడు, పోతాడు. బొనాత్సాది పెట్రోల్ ఇంజిన్. పెట్రోల్ ఆవిరి గాలికంటే బరువు. ఇంజిన్ గది అడుగున పాములా చుట్ట చుట్టుకుని పడుకుంటుంది. ఒక్క నిప్పురవ్వ తగిలితే చాలు. అందుకే ఆ ఆవిరిని బయటికి లాగేసే ఫ్యాన్ పెట్టించింది. డెబ్బై రెండు యూరోలు. అది బిగించిన రోజు గర్గో పగలబడి నవ్వాడు. "ఏంటే ఇది, జుట్టు ఆరబెట్టుకోడానికా?"

ఫ్యాన్ గుయ్యిమంది.

పది సెకన్లు... ఇరవై...

వాసన!

రోజూ వచ్చేదే. ఇవాళ ముక్కు పగిలేలా ఉంది. ఇంజిన్ గది మూత ఎత్తింది. టార్చ్ వేసింది.

పెట్రోల్ పైపు. వంపు దగ్గర బీటలు. బోటు ఊగినప్పుడల్లా... టప్. టప్. టప్.

జూన్‌లో వాసన వస్తోందంటే గర్గోనే చూశాడు. "పైపు మార్చేశా" అన్నాడు. నాలుగు మీటర్లు, మీటరు ఇరవై నాలుగు. తొంభై ఆరు. కూలి నూట ఇరవై. రెండొందల పదహారు ఇచ్చింది. ఆ తర్వాతా వాసన వస్తోందంటే, "నాకేం రావట్లేదే!" అన్నాడు. నిజమే. నలభై ఏళ్లు రంగులూ థిన్నరూ పీల్చి అతని ముక్కు ఎప్పుడో చచ్చింది. కుళ్లిన చేపనీ తాజా చేపనీ ఒకేలా లొట్టలేసుకుని తింటాడని అతని పెళ్లామే నవ్వుతుంది.

పైపు మీద అచ్చు అక్షరాలున్నాయి. వింకా టార్చ్ దగ్గరగా పెట్టింది.

2003.

మార్చలేదు! అంగుళం కూడా మార్చలేదు!

బూట్లు చెక్కల మీదకి వచ్చేశాయి. ఇరవై అడుగులు...

ఫ్యాన్ తిరిగింది నలభై సెకన్లు. కావాల్సింది మూడొందలు. తాళం తిప్పితే తనే పేలిపోతుంది. తిప్పకపోతే తుపాకీ.

స్విచ్ ఆపేసింది. మూత దించింది. టార్చ్ ఆర్పింది. క్యాబిన్‌లోకి దూరి తలుపు గడియ పెట్టింది.



తలుపు అవతల, మూత కింద... టప్. టప్.

బోటు ఒక పక్కకి ఒరిగింది.

తొంభై ఐదు కిలోల మనిషి ఎక్కాడు.

"వింకా... కాఫీ పెట్టవా బార్బాకి?"

ఆమె తలుపు నుంచి పరుపు దాకా వెనక్కి జరిగింది.

"తాళం ఇక్కడే వదిలేశావ్. అంత మతిమరుపు నీకెప్పుడొచ్చిందే? పావలా కూడా వదలవు కదా నువ్వు!"

ఒక్క తన్ను. గడియ ఊడి పడింది. తలుపులో తుపాకీ గొట్టం, వెనక తెల్లమీసం.

"ఎక్కడ?"

అతని కళ్లు పరుపు మీదకి వెళ్లాయి. నవ్వాడు.

"పసిబిడ్డని పడుకోబెట్టినట్టు పెట్టావే."

"మా అన్నని చంపావ్, బార్బా."

"జూగో చంపింది. ఆ గాలిలో కొండకొమ్ము దాటమని నేను చెప్పానా? చేపలు పడతాయన్న ఆశ వాడిది."

"ఆరొందల నలభై తీసుకుని తుక్కు బిగించావ్."

"తుక్కు..." అతను మెట్టు మీద కూర్చున్నాడు, అలిసిపోయినవాడిలా. తుపాకీ మోకాళ్ల మీద. గొట్టం మాత్రం ఆమె వైపే. "ఆ తుక్కు నాకు ఎవరమ్మారే?"

వింకా చూపు ఎల్బో మీదకి పోయింది.

"చెప్పు. మూడు చుక్కలు ఎవరివి?"

"నావి."

"మూడేళ్లలో ఎన్ని అమ్మావ్?"

"నలభై ఒకటి." లెక్క తనంతట తనే నోట్లోంచి వచ్చేసింది.

"చూశావా, నాకు గుర్తు లేదు, నీకుంది! ఇన్ని తుక్కు ముక్కలు ఏం చేసుకుంటావ్ బార్బా అని ఒక్కసారైనా అడిగావా?"

అడగలేదు.

ఒక్కసారి కూడా అడగలేదు.

"నేను జైలుకి పోతే పక్కగది నీదే, పిల్లా. తెలివిగా ఆలోచించు." గొంతు తగ్గించాడు. "ఆ ముక్కని ఇద్దరం కలిసి సముద్రంలో పడేద్దాం. నువ్వు చూళ్లేదు. నేను రాలేదు. నిక్షా పెళ్లాం పిల్లలకి నెలనెలా నేనే ఏదో ఒకటి ఇస్తా. అందరూ బాగుపడతారు. ఇంతకంటే మంచి బేరం ఎవడిస్తాడు?"

బేరం మంచిదే. వింకాకి బేరాలు తెలుసు. ప్రాణం మిగులుతుంది. పరువు మిగులుతుంది. షెడ్డు మిగులుతుంది. ఇవ్వాల్సింది పదకొండు కిలోల తుప్పు.

ఒక్క క్షణం... ఆమె చెయ్యి ఎల్బో వైపు కదిలింది కూడా.

నిక్షాని గుర్తుపట్టడానికి వెళ్లింది తనే. రెండు రోజులు నీళ్లలో ఉన్న మొహం. కుడిచేతి పిడికిలి బిగిసి ఉంది. చివరిదాకా ఇంజిన్ తాళం తిప్పుతూనే ఉన్నాడేమో...

"జూగోలో బేరం లేదు, బార్బా."

గర్గో నిట్టూర్చాడు. నిజంగానే బాధపడినట్టు.

"సరే. అన్న దుఃఖంలో మతి చెడి గాలిలో బోటేసుకుపోయింది అనుకుంటారు. నా చిన్న పడవ పక్కనే ఉంది, వెనక కట్టుకుంటా, తిరిగి రావడానికి. నీ ఎల్బో నీతోనే ఉంచుకో. ఇద్దరూ కలిసే పోండి."

తలుపు మూశాడు. బయట దానికి అడ్డంగా కర్ర బిగించిన చప్పుడు.

వింకా తలుపు మీద బాదింది.

"బార్బా! తాళం తిప్పకు! ముందు ఫ్యాన్ వెయ్!"

"ఏంటీ?"

"ఫ్యాన్! ఐదు నిమిషాలు తిరగాలి! కింద నిండా పెట్రోల్ ఆవిరి!"

అతను గట్టిగా నవ్వాడు.

"ఐదు నిమిషాలా! ఈలోపు పోలీసు బోటు వచ్చేస్తుందనా? నువ్వు పుట్టకముందు నుంచీ ఇంజిన్లు తిప్పుతున్నానే!"

"అవి డీజిల్! ఇది పెట్రోల్! వాసన రావట్లేదా నీకు?"

"వాసన తెలిసి పదేళ్లయింది నాకు!"

"పైపు కారుతోంది! నువ్వు మార్చలేదు! దాని మీద 2003 అని రాసుంది, మూత ఎత్తి చూడు!"

బయట మాట ఆగింది.

గాలి. అల. టప్... టప్...

వింకా చెవి తలుపుకి ఆనించింది. మూత ఎత్తుతాడా? ఎత్తు... ఒక్కసారి ఎత్తి చూడు...

"మార్చాను," అన్నాడు గర్గో. "బిల్లిచ్చాను కదా."



నిజంగానే మార్చాననుకుంటున్నాడు! అబద్ధాలాడేవాడికి లెక్క గుర్తుండాలి. ఎన్ని బిల్లుల్లో ఎన్ని రాశాడో, ఏది బిగించాడో, ఏది బిగించలేదో అతనికే తెలియదు!

ఇక మాటలు అనవసరం.

క్యాబిన్ ముందు భాగంలో, పరుపు పైన, కప్పులో గాజుమూత ఉంది. మనిషి పట్టేంత. మూడు గొళ్లేలు. పరుపెక్కి మొదటిది తిప్పింది. వచ్చింది. రెండోది. వచ్చింది.

మూడోది రాలేదు.

తుప్పు! మే నెల నుంచీ మార్చాలనుకుంటోంది. కొత్తది ముప్పై ఎనిమిది యూరోలు. వచ్చే నెల చూద్దాం, వచ్చే నెల చూద్దాం అని ఆరు నెలలు తోసింది!

వెనక తాళం తిరిగింది.

గర్ర్... గర్ర్... గర్ర్ర్...

ఆగింది. చల్లబడ్డ పాత ఇంజిన్. మొదటిసారి ఎప్పుడూ అందుకోదు. రెండోసారి అందుకుంటుంది. ఆమెకి తెలుసు. మూడేళ్లుగా వింటోంది!

ఎల్బోని రెండు చేతులా ఎత్తింది. గొళ్లెం మీద కొట్టింది. కదల్లేదు.

మళ్లీ!

పగిలింది. గాజుమూత గాలికి ఎగిరి వెనక్కి పడింది. ఎల్బో పరుపు మీద పడింది. భుజాలు ఇరికాయి, చొక్కా చిరిగింది, మోచేయి చీరుకుంది. బయటపడింది! వర్షం మొహం మీద కొట్టింది.

బోటు ముందరి అద్దం అవతల గర్గో.

ఇద్దరి చూపులూ కలిశాయి.

"బార్బా! దూకు!" అరిచింది. "నీ పిల్లల మీద ఒట్టు, దూకెయ్!"

అతని ఎడమచేతిలో తుపాకీ లేచింది. గొట్టం అద్దానికి ఆనింది. కుడిచెయ్యి తాళం మీదే ఉంది.

వింకా నీళ్లలోకి దూకింది.

తుపాకీ ముందు పేలిందో, బోటు ముందు పేలిందో ఆమెకి ఎప్పటికీ తెలియదు.

నీళ్లన్నీ తెల్లగా అయిపోయాయి. చెవుల్లో సముద్రం పగిలింది. ఎటు పైనో, ఎటు కిందో... ఉప్పునీళ్లు గొంతు నిండా... ఏదో వేడిగా వీపు పక్కనుంచి దూసుకుపోయింది...

పైకి తేలింది. 

బొనాత్సా వెనకభాగం లేదు. మిగిలింది మండుతోంది. చిన్న పడవ తలకిందులుగా తేలుతోంది. అతని టోపీ ఒకటి వచ్చి ఆమె భుజానికి తగిలింది.

ఈదుకుంటూ రేవు మెట్లు పట్టుకుంది. వాంతి చేసుకుంది. ఆమె చూస్తుండగానే బోటు ముందుభాగం బుస్సుమని ఆవిరి కక్కి మునిగిపోయింది. పరుపూ, పరుపు మీద పదకొండు కిలోల ఇనుమూ దాంతోపాటే పోయాయి.

కాసేపటికి నీలి దీపం మలుపు తిరిగింది.

గస్తీ బోటు నుంచి ఒక ఆఫీసరమ్మ దూకింది. పేరు యెలావిచ్. పొద్దున్న ఫోన్‌లో మాట్లాడింది ఆవిడే. వింకా మీద దుప్పటి కప్పింది. మంట వైపు చూసింది.

"బోటులో ఎవరైనా ఉన్నారా?"

"గర్గో. మెకానిక్."

"ఏం జరిగింది? ప్రమాదమా?"

వింకా దుప్పటి దగ్గరికి లాక్కుంది.

లెక్క దానంతట అదే సాగుతోంది. బోటుకి బీమా ఉంది. ప్రమాదం అంటే పదిహేడు వేలు వస్తాయి. గర్గో లేడు. నలభై ఒక్క ముక్కల సంగతి చెప్పేవాడు ఇంకెవడూ లేడు. మూడు చుక్కలు నాలుగు మీటర్ల లోతున బురదలో ఉన్నాయి. ఇంత లాభం ఆమెకి జీవితంలో ఏ బేరంలోనూ రాలేదు.

మిగతా నలభై ముక్కలు?

అవి ఈ రాత్రి కూడా ఎవరెవరి ఇంజిన్లకో బిగించి ఉన్నాయి. తెల్లరంగు కింద. గాలి తగ్గగానే అందరూ వేటకి వెళతారు...

"ఆ ఎల్బో ఏమైంది?" అంది యెలావిచ్. "ఫోన్‌లో చెప్పారే, అది?"

"కింద ఉంది. గజ ఈతగాళ్లని దింపి తీయించండి. ఇనుము కదా, కాలదు." పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. "రేపు ఏ పడవనీ రేవు దాటనివ్వకండి. ఒక్కో ఇంజిన్ విప్పించండి. అడుగున మూడు చుక్కలున్న ముక్కలు ఇంకా నలభై ఉన్నాయి."

యెలావిచ్ నోట్‌బుక్ తీసింది. వర్షానికి కాగితం తడుస్తోంది.

"ఆ చుక్కలు ఎవరి గుర్తు?"

"నాది."

పెన్ను ఆగింది.

"మీరే అమ్మారా?"

"నేనే. తుక్కు కింద. ఒక్కోటి ముప్పై యూరోలు."

"తుక్కు అని చెప్పే అమ్మారు కదా. ఇందులో మీ తప్పేముంది?"

వింకా మంట వైపు చూసింది. నీళ్ల మీద పెట్రోల్ ఇంకా అక్కడక్కడ మండుతోంది.

"తుక్కు ధర ఇరవై," అంది. "ఆ పై పది... నేను అడగనందుకు."